వీసీ మూడేళ్ల పాలనను దేంతో తూయాలి? (సీమ వర్సిటీలు)

హంద్రీ_వాగు
ఒక వీసీ (వైస్ చాన్సలర్, వర్సిటీ అధిపతి) మూడేళ్లు ముగించుకుని వెళ్లేటప్పుడు పేపర్లో రెండు రకాల వార్తలే కనిపిస్తాయి. శాలువా కప్పిన సన్మానం ఫొటో ఒకటి, పరిపాలనా భవనం ముందు ధర్నా ఫొటో ఇంకొకటి. రెండింట్లోనూ లెక్క ఉండదు. ఎస్కేయూ (అనంతపురం శ్రీకృష్ణదేవరాయ వర్సిటీ), జేఎన్‌టీయూ అనంతపురం, యోగి వేమన, రాయలసీమ, ఉర్దూ, క్లస్టర్ అని పాత మూడు జిల్లాల్లోనే ఇన్ని రాష్ట్ర వర్సిటీలున్నాయి. వీటిలో వీసీ పని బాగుందో లేదో తేల్చాలంటే ఏ కాగితాలు తియ్యాలి? ఏ అంకెలు నమ్మాలి? లోపలి వ్యవహారం ఎరిగినవాళ్లు రాయండి. వ్యక్తుల పేర్లు వద్దు, పద్ధతి కావాలి.

బళ్లారి_చౌరస్తా
ఆ కుర్చీకి ఎంత అధికారముందో తేలితే, ఎంత నిలదీయాలో తెలుస్తుంది.

ఎస్కేయూ, యోగి వేమన, రాయలసీమ వర్సిటీలు 1991 నాటి ఏపీ విశ్వవిద్యాలయాల చట్టం కిందికి వస్తాయి. గవర్నరే ఛాన్సలర్. వీసీ ఎంపికకు ముగ్గురితో సెర్చ్ కమిటీ వేస్తారు. ఒకరు పాలక మండలి మనిషి, ఒకరు యూజీసీ (వర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) మనిషి, ఒకరు రాష్ట్ర ప్రభుత్వం మనిషి. ఆ ముగ్గురూ మూడు పేర్లు ఇస్తారు. అక్షర క్రమంలోనే ఇస్తారు, ఫస్టు సెకండు అని ఉండదు. అందులో ఒకరికి ఉత్తర్వు వస్తుంది, మూడేళ్లకు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ప్రొఫెసరుగా పదేళ్లు చేసి ఉండాలి, లేకుంటే పేరున్న పరిశోధనా సంస్థలోనో విద్యా పాలనా సంస్థలోనో అంతే అనుభవం ఉండాలి.

ప్యానెల్ అంటే మొక్కుబడి వ్యవహారం అనుకునేవాళ్లున్నారు. కేరళ సాంకేతిక వర్సిటీకి సెర్చ్ కమిటీ ఒక్క పేరే పంపిందని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు వీసీ నియామకాన్నే కొట్టేసింది. అదే ఏడాది మార్చిలో గుజరాత్‌లోని సర్దార్ పటేల్ వర్సిటీ వీసీ నియామకం కూడా యూజీసీ నిబంధనల దగ్గరే పోయింది. నియామకం ఫైలులో లొసుగుంటే ఆ తర్వాత ఎంత బాగా పనిచేసినా ఆయన్ను కాపాడదు.

తొలగించడం చట్టంలో చాలా కష్టం. హైకోర్టులోనో సుప్రీంకోర్టులోనో జడ్జిగా ఉన్నవారితో, లేదా గతంలో చేసినవారితో విచారణ జరిపించాలి. ఆచరణ వేరు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక రాష్ట్రంలో పలువురు వీసీలు వరసపెట్టి రాజీనామాలు ఇచ్చేశారు. విచారణ దాకా పోవాల్సిన పనే పడలేదు.

పెన్నా_ఇసుక
ఇంకేముందప్పా, అంతా సచివాలయంలోనే తేలిపోతుంటే వీసీని తూచి ఏం లాభం? పోస్టులకు వాళ్ల అనుమతి కావాల, డబ్బు వాళ్లు ఇయ్యాల, అడ్మిషన్లు వాళ్ల కన్వీనరు చేతిలో. ఈయన సంతకం పెట్టే మనిషి, అంతే.

బళ్లారి_చౌరస్తా
సగమే నిజం. పాలక మండలికి అధ్యక్షుడు వీసీయే. ఎజెండాలో ఏది పెట్టాలి, ఏది వాయిదా వెయ్యాలి అన్నది ఆయన చేతిలోనే ఉంటుంది. రిజిస్ట్రార్ ఎవరు, పరీక్షల కంట్రోలర్ ఎవరు, ప్రిన్సిపాల్ ఎవరు, వార్డెన్ ఎవరు అన్నదీ ఆయన మాటే. పై నుంచి డబ్బు రాకపోతే వీసీ తప్పు కాదు. వచ్చిన డబ్బుకు వినియోగ పత్రం (ఖర్చు చేశామన్న లెక్క) పంపక రెండో విడత ఆగితే ముమ్మాటికీ ఆయన తప్పే.

కొండారెడ్డి_బురుజు
డబ్బు సంగతి నేను రాస్తా. ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇక్కడే.

రాష్ట్ర వర్సిటీకి రెండు సంచులుంటాయి. ఒకటి రాష్ట్ర ప్రభుత్వమిచ్చే బ్లాక్ గ్రాంటు. విడతలుగా వస్తుంది, జీతాలకే బొటాబొటి. రెండోది సొంత ఆదాయం: కాలేజీల అఫిలియేషన్ ఫీజు, పరీక్ష ఫీజు, దూరవిద్య, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు, సర్టిఫికెట్ల రుసుములు. కరెంటు బిల్లు, అకడమిక్ కన్సల్టెంట్ల (తాత్కాలిక అధ్యాపకుల) జీతాలు, ఎన్‌ఎంఆర్‌లు (దినకూలీ సిబ్బంది), పెన్షన్లలో పడే తరుగు అన్నీ ఈ రెండో సంచిలోంచే పోవాలి. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవాళ్లంతా పాత పెన్షన్ కిందివాళ్లు. వాళ్ల రిటైర్మెంట్లు ఇంకా అవుతూనే ఉన్నాయి కాబట్టి ఆ పద్దు ఏటేటా పెరుగుతుంది.

రెండో సంచి ఎలా చిక్కిపోయిందో చూడండి. ఒకప్పుడు కర్నూలు జిల్లా కాలేజీలు ఎస్కేయూ కింద ఉండేవి. 2008లో కర్నూలు పీజీ సెంటరు రాయలసీమ వర్సిటీ అయ్యాక ఆ కాలేజీలు అటు పోయాయి. ఆదాయం పోయింది, పాత పెన్షనర్లు మాత్రం ఎస్కేయూ ఖాతాలోనే మిగిలారు. మళ్లీ రాయలసీమ వర్సిటీ వంతు వచ్చింది. క్లస్టర్ వర్సిటీ పెట్టి కర్నూలు టౌన్లో ఉన్న పెద్ద ప్రభుత్వ కాలేజీలు మూడూ, అంటే సిల్వర్ జూబ్లీ, కేవీఆర్ మహిళా, పురుషుల డిగ్రీ కాలేజీ, అందులో కలిపేశారు. దీనికి తోడు అటానమస్ కాలేజీలు. లెక్క కోసం 30 వేల మంది డిగ్రీ పిల్లలు, సెమిస్టరుకు వెయ్యి రూపాయల పరీక్ష ఫీజు అనుకుంటే ఏడాదికి 6 కోట్లు. అందులో వెయ్యి మంది చొప్పున ఉన్న 5 కాలేజీలు అటానమస్ తెచ్చుకుని పరీక్షలు తామే పెట్టుకుంటే 1 కోటి పోతుంది. కొంత వాటాగా తిరిగి వచ్చినా లోటు లోటే. క్వాలిటీ పెరిగిందని వీసీ ప్రకటన ఇస్తాడు, ఫైనాన్స్ ఆఫీసరు తల పట్టుకుంటాడు.

కాబట్టి వీసీని ఇలా తూయండి. చేరిన రోజు ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఎన్ని, దిగే రోజుకు ఎన్ని? మధ్యలో గడువు తీరకముందే ఎన్ని విరిచారు, ఎందుకు? జీతాలకు విరిస్తే ఒక రకం, గోడలకు రంగులు వెయ్యడానికి విరిస్తే ఇంకో రకం. పెన్షన్ ఎన్ని నెలలు ఆలస్యమైంది? ఆడిట్ అభ్యంతరాలు ఎన్ని తీరాయి, ఎన్ని కొత్తగా చేరాయి? ఈ నాలుగు దొరికితే మిగతా కబుర్లు అక్కర్లేదు.

హంద్రీ_వాగు
బాగుంది. ఆ వినియోగ పత్రం సంగతి కాస్త వివరంగా?

కొండారెడ్డి_బురుజు
రాష్ట్ర వర్సిటీలకు కేంద్రం నిధులిచ్చే పథకాలైన రూసాలో, ఇప్పటి పీఎం ఉషాలో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. మొదటి విడత ఖర్చు చేసి వినియోగ పత్రం పంపితేనే రెండో విడత వస్తుంది. ఎక్కడ చిక్కుకుంటుందంటే, భవనం పని సగమై ఉంటుంది, కాంట్రాక్టరు బిల్లు పెట్టి ఉంటాడు, రాష్ట్ర వాటా జమ కాలేదని చెల్లింపు ఆగుతుంది. చెల్లింపు లేకపోతే ఖర్చు కిందికి రాదు, ఖర్చు చూపకపోతే పత్రం లేదు, పత్రం లేకపోతే డబ్బు లేదు. ఈ ముడి విప్పాలంటే వీసీ స్వయంగా ఆర్థిక శాఖ చుట్టూ తిరగాలి. ప్రయోగశాల పరికరాల పద్దు, భవనాల పద్దు, మరమ్మతుల పద్దు వేటికవే నడుస్తాయి కాబట్టి, తెలివైనవాళ్లు ముందు పరికరాల టెండరు పూర్తిచేసి ఆ ఖర్చు చూపిస్తారు. పరికరం వచ్చి పడ్డాక త్రీఫేజ్ కరెంటు లేక అట్టపెట్టెలోనే ఉండటం వేరే ముచ్చట.

ఇటుకలపల్లి_గేటు
నా ఓటు పరీక్షల క్యాలెండర్‌కు. పిల్లోడికి వీసీ కనపడేది మార్కుల మెమోలోనే.

నోటిఫికేషన్, ఫీజు గడువు, ఇంటర్నల్ మార్కుల అప్‌లోడ్, హాల్‌టికెట్లు, పరీక్ష, కోడింగ్, స్పాట్ వాల్యుయేషన్, ట్యాబులేషన్, ఫలితం, రీవాల్యుయేషన్. గొలుసు ఇది. బయటివాళ్లంతా మూల్యాంకనం దగ్గరే ఆలస్యం అవుతుందనుకుంటారు. నిజానికి ఎక్కువసార్లు తెగేది ఇంటర్నల్ మార్కుల దగ్గర. కాలేజీ లాగిన్లో ఎవరో ఒక సబ్జెక్టు కోడ్ తప్పు కొడతారు, ఆ క్లాసు మొత్తానికి ఇంటర్నల్ సున్నా పడుతుంది, ఫలితాలొచ్చాక విత్‌హెల్డ్ అని చూపిస్తుంది, 60 మంది పిల్లలు బస్సెక్కి పరీక్షల విభాగం కిటికీ దగ్గరికి వస్తారు. ఇంటర్నల్స్ అప్‌లోడ్ కాని కాలేజీకి హాల్‌టికెట్లు తెరుచుకోకుండా సాఫ్ట్‌వేర్లో తాళం పెడితే ఇది చాలామటుకు ఆగుతుంది. ఆ తాళం పెట్టే ధైర్యం వీసీకి కావాలి. ఎందుకంటే సాయంత్రానికల్లా యాజమాన్యాల ఫోన్లు, వాటి వెనక నాయకుల ఫోన్లు మొదలవుతాయి.

రెండోది కోడింగ్. జవాబు పత్రం మొదటి పేజీలో పైముక్క మీద హాల్‌టికెట్ నంబరు, కిందిముక్క మీద మార్కుల గడులు, రెండింటి మీదా ఒకటే బార్‌కోడ్. పైముక్క చించి సీలు కవర్లో పెడతారు, పత్రం వాల్యుయేషన్ హాలుకు పోతుంది. చించేటప్పుడు బార్‌కోడ్ అంచు తెగితే స్కానర్ చదవదు. ఆ ఒక్క ముక్క దొరికేదాకా కట్ట మొత్తం పక్కన పెట్టాలి. అలవాటున్న సిబ్బంది స్కేలు పెట్టి చించుతారు. సీజన్‌కు ఒకసారి కొత్త ఔట్‌సోర్సింగ్ పిల్లలను పెట్టుకునే చోట చేత్తో లాగేస్తారు.

మూడోది వాల్యుయేషన్ పారితోషికం బకాయి. పోయిన సెమిస్టరు డబ్బు రాకుంటే ఈసారి స్పాట్‌కు లెక్చరర్లు రారు. వచ్చినవాళ్ల మీద భారం పడుతుంది, రోజుకు దిద్దాల్సిన దానికంటే ఎక్కువ దిద్దుతారు, రీవాల్యుయేషన్ దరఖాస్తులు కుప్పలు పడతాయి. పరీక్ష ఫీజు వసూలు చేసి వేరే పద్దుకు వాడితే జరిగేది ఇదే.

కొలత: చివరి పరీక్ష రోజు నుంచి ఫలితం రోజు దాకా ఎన్ని రోజులు. ఆరు సెమిస్టర్లకు ఆరు అంకెలు రాసుకుంటే ఆ వీసీ జాతకం వచ్చేస్తుంది.

శ్రీబాగ్_1937
స్నాతకోత్సవం కూడా చేర్చండి. డిగ్రీకి అర్హత వచ్చే తేదీ నుంచి 180 రోజుల్లోపు డిగ్రీ ఇవ్వాలని యూజీసీ 2008 నిబంధనల్లో ఉంది. గవర్నరు డేటు దొరకలేదని ఏళ్లతరబడి ఆపిన వర్సిటీలు రాష్ట్రంలో కొత్త కాదు. సభ తర్వాత పెట్టుకోవచ్చు, పట్టాలు గైర్హాజరీలో ఇచ్చే దారి ఉంది. డిజిలాకర్లో ఎక్కించే దారీ ఉంది. సభ కోసం పట్టా ఆపడం వీసీ ఫొటో సరదా తప్ప ఇంకోటి కాదు.

దేవుని_కడప
అందరూ నాక్‌ను (వర్సిటీలకు గ్రేడులిచ్చే జాతీయ సంస్థను) మరిచారు. నచ్చినా నచ్చకపోయినా డబ్బుకూ నాక్‌కూ నేరుగా ముడి ఉంది. దూరవిద్య నడపాలంటే యూజీసీ 2020 నిబంధనల ప్రకారం నాలుగుకు కనీసం 3.01 ఉండాలి, లేదా కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వందలో ఉండాలి. 3.01 అంటే ‘ఏ’ గ్రేడు మొదలయ్యే చోటు. 2.98 వచ్చిందంటే బీ డబుల్ ప్లస్ అని బ్యానరు కట్టుకోవచ్చు గానీ, కొండారెడ్డి_బురుజు చెప్పిన రెండో సంచిలో దూరవిద్య వాటా ఎగిరిపోయినట్టే.

ఇంతకాలం నడిచిన పద్ధతిలో వర్సిటీకి వెయ్యి మార్కులు. పాఠ్య ప్రణాళిక 150, బోధన 200, పరిశోధన 250, వసతులు 100, విద్యార్థి సహాయం 100, పాలన 100, సంస్థాగత విలువలు 100. సుమారు 70 శాతం మనం అప్‌లోడ్ చేసే అంకెల మీదే పడుతుంది. పీర్ టీమ్ (నాక్ పంపే నిపుణుల బృందం) వచ్చి చూసేది మిగతా 30. టీమ్ వచ్చే ముందు గోడలకు సున్నం, కుండీల్లో పూలు అంటూ పరిగెత్తే వీసీలకు ఈ 70 సంగతి ఎవరూ చెప్పరో, చెప్పినా వినరో తెలీదు.

ఆ 70లో ఎక్కడ పోతుందంటే రుజువుల దగ్గర. 40 ఎంఓయూలు (వేరే సంస్థలతో ఒప్పందాలు) ఉన్నాయని రాస్తారు. వాటి కింద ఏం పని జరిగిందో ఏటేటా చూపమంటారు. చేతులు కలిపిన ఫొటో తప్ప ఏమీ ఉండదు. పరిశీలనలో 40 కాస్తా 3 అవుతుంది. సెమినార్లకు హాజరు పట్టీ ఉండదు. ప్లేస్‌మెంట్‌కు నియామక పత్రం ఉండదు. వార్షిక నాణ్యతా నివేదిక ఏ ఏడాదికి ఆ ఏడాది పంపి ఉంటే ఇవన్నీ అప్పుడే పోగవుతాయి. ఐదేళ్లవి ఒకేసారి కూర్చుని అల్లితే దొరికిపోతారు.

పెన్నా_ఇసుక
అదే నేననేది. నాక్ అంటే కాగితాల జాతర. ఆ 200 మార్కుల బోధనకు పాఠం చెప్పే మనిషి ఉండాడా లేదా అని అడగాల గదా?

దేవుని_కడప
అడుగుతారు సామీ. మంజూరైన పోస్టుల్లో ఎన్ని భర్తీ అయ్యాయో ఒక కొలమానం, పీహెచ్‌డీ ఉన్నవాళ్ల శాతం ఇంకొకటి, పిల్లలూ టీచర్ల నిష్పత్తి మరొకటి. మన వర్సిటీలు చతికిలపడేది అక్కడే. ఆ గుంత పూడ్చలేక మిగతా చోట్ల పూత పూస్తారు. ఇంకో మెలిక: గ్రేడు వచ్చిన రోజు కుర్చీలో ఎవరుంటే వాళ్ల ఫొటో పడుతుంది, లెక్కకు తీసుకునేది మాత్రం వెనకటి ఐదేళ్లు. మూడేళ్ల వీసీకి ఆ గ్రేడు ఘనత మొత్తం కట్టబెట్టడం, నింద మొత్తం ఆయన నెత్తిన రుద్దడం రెండూ తప్పే. ఆయన హయాంలో ఎన్ని వార్షిక నివేదికలు గడువులో పోయాయో చూడండి, అది పూర్తిగా ఆయనదే.

రోస్టర్_రిజిస్టర్
పోస్టుల ముచ్చట వచ్చింది కాబట్టి. 2023 అక్టోబరు చివర్లో రాష్ట్రంలోని వర్సిటీలకు కలిపి 3,220 అధ్యాపక పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చారు. కోర్టు కేసులతో ఆగింది. ఇలా ఆగడం మనకు మొదటిసారి కాదు. కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే: హేతుబద్ధీకరణ (పోస్టుల సర్దుబాటు), రోస్టరు (ఏ పోస్టు ఏ రిజర్వేషన్ వర్గానికి అన్న వరస).

మంజూరైన పోస్టులను విభాగాల మధ్య సర్దుతారు. పిల్లలు లేని విభాగంలోంచి తీసి కంప్యూటర్ సైన్స్‌కో, ఇంకోదానికో వేస్తారు. ఈ సర్దుబాటుతో రోస్టరు పాయింట్లు కదులుతాయి. పాత రోస్టరు ఏ పాయింటు దగ్గర ఆగింది, బ్యాక్‌లాగ్ ఎన్ని, మహిళలకు మూడో వంతు ఎక్కడ పడాలి, ఇవన్నీ రిజిస్టరులో వరసగా ఉండాలి. చాలా చోట్ల పాత రిజిస్టరులో కొట్టివేతలుంటాయి, పొట్టి సంతకాలుండవు. పోస్టు దక్కనివాళ్లు కోర్టుకు పోతే జడ్జి మొదట అడిగేది ఆ రిజిస్టరే. వీసీ చేరగానే చెయ్యాల్సిన పని నోటిఫికేషన్ గురించి ప్రెస్‌మీట్ కాదు. రిజర్వేషన్ నిబంధనలు తెలిసిన రిటైర్డ్ అధికారిని కూర్చోబెట్టి రోస్టరును మొదటి నియామకం నుంచి తిరగరాయించి, పాలక మండలిలో ఆమోదం తీసుకుని, వెబ్‌సైట్లో పెట్టి అభ్యంతరాలు అడగడం. ఆరునెలలు పడుతుంది, ఒక్క ఫొటో రాదు. అందుకే ఎవరూ చెయ్యరు.

కొత్త పోస్టు అక్కర్లేకుండా వీసీ చేతిలో ఉన్న పని ఇంకోటి ఉంది, సీఏఎస్ పదోన్నతులు (సర్వీసు, అర్హతలను బట్టి ఉన్న పోస్టులోనే హోదా పెంచడం). దరఖాస్తు, నాణ్యతా విభాగం పరిశీలన, స్క్రీనింగ్, సెలక్షన్ కమిటీ. ప్రొఫెసర్ హోదాకు కమిటీలో వీసీ అధ్యక్షుడు, ఛాన్సలర్ తరఫున ఒకరు, బయటి విషయ నిపుణులు ముగ్గురు, డీన్, హెడ్. కోరం నలుగురు, అందులో బయటి నిపుణులు ఇద్దరు తప్పనిసరి. నిపుణుల జాబితాకు ముందే ఆమోదం తీసుకోకపోతే, ఇంటర్వ్యూ రోజు ఒకరు రాకపోతే ప్రత్యామ్నాయం ఉండదు, వాయిదా. ఒక్క వాయిదాకు ఆరేడు నెలలు. అర్హత వచ్చినవాళ్లు ఎంతమంది, పదోన్నతి అందినవాళ్లు ఎంతమంది అని అడిగితే వీసీ పనితనం తెలుస్తుంది. అయితే బకాయిల భారం కూడా దీంతోనే వస్తుంది. బడ్జెట్‌లో పెట్టకుండా పదోన్నతులిచ్చి తర్వాతి వీసీ నెత్తిన వేసినవాళ్లూ ఉన్నారు.

గుత్తి_జంక్షన్
ఎవరూ ఎత్తని విషయం: పాలక మండలి మినిట్స్ చదవడం ఎలా.

మినిట్స్‌లో మూడు రకాల అంశాలుంటాయి. ముందే పంపిన ఎజెండా. ఆ రోజు బల్ల మీద పెట్టే టేబుల్ ఐటమ్స్. వీసీ అత్యవసరమని ముందే నిర్ణయం తీసేసుకుని తర్వాత ధ్రువీకరణకు పెట్టేవి. మూడో రకానికి చట్టంలో చోటుంది, అత్యవసరమైతే చేసి తర్వాత సమావేశంలో చెప్పాలి. కానీ 50 అంశాల్లో 30 ధ్రువీకరణలే ఉన్నాయంటే ఆ వర్సిటీని పాలక మండలి నడపడం లేదు, వీసీ చాంబరు నడుపుతోంది. టేబుల్ ఐటమ్స్‌లో నియామకాలు, కాంట్రాక్టుల పొడిగింపులు, కాలేజీల అఫిలియేషన్లు కనిపిస్తే నెమ్మదిగా రెండుసార్లు చదవండి. సభ్యులకు ముందురోజు పంపితే ప్రశ్న వస్తుందన్న భయంతోనే సాధారణంగా అవి బల్ల మీదికి వస్తాయి.

సమావేశాల మధ్య దూరం కూడా చూడాలి. మండలిలో ఉన్నత విద్య, ఆర్థిక శాఖల కార్యదర్శులు హోదారీత్యా సభ్యులు. వాళ్ల తీరిక కోసం సమావేశాన్ని అనంతపురంలోనో కర్నూల్లోనో కాకుండా విజయవాడ వైపు పెట్టడం రివాజైపోయింది. ఆన్‌లైన్ వచ్చాక ఆ సాకు కూడా లేదు.

నీళ్ల_ట్యాంకరు
హాస్టళ్ల గురించి ఒక్క మాట. మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది ప్రమాణం. వెయ్యిమంది ఉన్న హాస్టళ్లకు 1,35,000 లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 27. అనంతపురం ఏప్రిల్లో బోర్లు వట్టిపోయాక ఈ లెక్క అర్థమవుతుంది. జనవరిలోనే నీళ్ల ఒప్పందం, మోటార్ల మరమ్మతు చూసుకున్న వీసీకి ఎండాకాలంలో ధర్నా ఉండదు. మార్చిలో మేలుకున్నవాళ్లు సెలవులు ముందుకు జరిపేస్తారు, దాంతో ఇటుకలపల్లి_గేటు చెప్పిన గొలుసు తెగుతుంది.

హంద్రీ_వాగు
ఇన్‌చార్జి వీసీల కాలాన్ని ఎలా లెక్కెయ్యాలి? 2024 మధ్యలో పోయినవాళ్ల స్థానంలో 2025 ఫిబ్రవరిలో గానీ కొన్ని వర్సిటీలకు పూర్తికాలం వీసీలు రాలేదు.

బళ్లారి_చౌరస్తా
విడిగా లెక్కెయ్యాలి. ఇన్‌చార్జి అంటే రోజువారీ ఫైళ్లు నడుస్తాయి, దీర్ఘకాలిక నిర్ణయాలు నడవవు. నియామకాలు ముట్టుకోరు, పెద్ద టెండర్లు ముట్టుకోరు. ఇన్‌చార్జి కాలంలో పాలక మండలి గడువు కూడా తీరితే ఇంకా దారుణం. సెర్చ్ కమిటీకి మండలి మనిషి కావాలి, మండలే లేకపోతే కొత్త వీసీ ఎంపికే జరుగుబాటు కాదు. ఈ చిక్కును ముందే ఊహించి, దిగిపోయేలోపు మండలి నామినేషన్ ఫైలు కదిలించిన వీసీ ఎవరైనా ఉంటే ఆయనకు రెండు మార్కులు ఎక్కువ వెయ్యండి.

శ్రీబాగ్_1937
పాత కథ కొంచెం. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలైనప్పుడు తొలి వీసీ మన పక్క చిత్తూరు జిల్లా కట్టమంచి రామలింగారెడ్డి గారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా రాజీనామా చేశారు. 1931 నుంచి 1936 దాకా సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. 1936లో కట్టమంచి మళ్లీ వచ్చి 1949 దాకా ఉన్నారు. పదమూడేళ్లు! ఇప్పటి లెక్కన నాలుగు పదవీకాలాల పైన. వాళ్ల స్థాయితో ఇప్పటి వీసీలను పోల్చి తిట్టేవాళ్లు ఈ కాలం తేడా చూడరు.

సీమకు ఇందులో ఇంకో పేచీ ఉంది. 1926లో దత్తమండలాలు (అప్పట్లో సీమ పేరు) ఆంధ్ర వర్సిటీ కిందే ఉండి, 1929లో మద్రాసు వర్సిటీకి తిరిగిపోయాయి. కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన 1937 నవంబరు 16 నాటి శ్రీబాగ్ ఒడంబడికలో ఆంధ్ర వర్సిటీ ఉన్న వాల్తేరుతో (విశాఖ) పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం అన్నారు. వర్సిటీ 1954లో తిరుపతిలో వచ్చింది. అనంతపురానికి 1946లో ఇంజినీరింగ్ కాలేజీ, తర్వాత వెంకటేశ్వర వర్సిటీ పీజీ సెంటరు, అది 1981లో ఎస్కేయూ. వాల్తేరు 1926లో అందుకున్నదాన్ని మనం 1981లో అందుకున్నాం. నిధి, భూములు, పాత విద్యార్థుల బలం అన్నింట్లో ఆ వెనకబాటు కనిపిస్తుంది.

మూడోరోడ్డు
అమెరికాలో ప్రభుత్వ వర్సిటీ ప్రెసిడెంట్లు కొందరు పదేళ్లు కూడా ఉంటారు కదా, మనకెందుకు మూడేళ్లు?

గుత్తి_జంక్షన్
అక్కడ ప్రెసిడెంటును పెట్టేదీ తీసేదీ బోర్డు. బోర్డుకు నచ్చినంతకాలమే కుర్చీ. జడ్జి విచారణ లాంటి రక్షణ ఉండదు. క్లార్క్ కెర్ కాలిఫోర్నియా వర్సిటీకి 1958 నుంచి ప్రెసిడెంటు. 1960 మాస్టర్ ప్లాన్ ఆయన హయాంలోదే: హైస్కూలు ముగించినవాళ్లలో పై ఎనిమిదో వంతుకు కాలిఫోర్నియా వర్సిటీ, పై మూడో వంతుకు స్టేట్ కాలేజీలు, మిగతావాళ్లకు కమ్యూనిటీ కాలేజీలు. అంతటి మనిషిని 1967 జనవరిలో, రీగన్ గవర్నరైన నెల తిరక్కుండానే, రీజెంట్ల బోర్డు (ఆ వర్సిటీ పాలక మండలి) తీసేసింది. గవర్నరు ఆ బోర్డులో హోదారీత్యా సభ్యుడు. కాబట్టి ప్రభుత్వం మారితే కుర్చీ కదలడం మన దగ్గరే పుట్టిన జబ్బు కాదు. తేడా ఎక్కడంటే, అక్కడ ప్రెసిడెంటు సగం పని విరాళాల సేకరణ. ఇక్కడ వీసీకి ఆ అలవాటూ లేదు, ఇచ్చే పాత విద్యార్థుల జాబితా సరిగ్గా ఉన్న వర్సిటీలూ తక్కువే.

ఇటుకలపల్లి_గేటు
అడ్మిషన్ల గురించి పెన్నా_ఇసుక మొదట్లో అన్నది నిజమే. ఏపీ పీజీసెట్ (అన్ని వర్సిటీలకూ ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష) 2021లో మొదలైంది, మొదటిసారి నిర్వహించింది కడప యోగి వేమన వర్సిటీయే. అంతకుముందు ఎవరి ప్రవేశ పరీక్ష వాళ్లదే, ఎవరి క్యాలెండర్ వాళ్లదే. ఇప్పుడు కౌన్సెలింగ్ ఆలస్యమైతే వీసీ చేసేదేం లేదు. కానీ సీట్లు నిండని కోర్సును మూడేళ్లపాటు అలాగే నడిపించడం మాత్రం ఆయన నిర్ణయమే. కోర్సుల వారీగా మంజూరైన సీట్లు, చేరినవాళ్లు, చివరి సెమిస్టరు దాకా మిగిలినవాళ్లు అని మూడు గళ్ల పట్టిక వెయ్యండి. మూడో గడి ఎవరూ అడగరు.

నిర్వాహకుడు
ఒక వర్సిటీ ప్రస్తుత వీసీ మీద వచ్చిన రెండు సందేశాలు తీసేశాం. ఆధారం లేని ఆరోపణలు ఇక్కడ వద్దు.

హంద్రీ_వాగు
సరే, ఇవన్నీ బయటికి తెచ్చేదెట్లా? వెబ్‌సైట్లలో మినిట్స్ సగం కూడా ఉండవు.

రోస్టర్_రిజిస్టర్
సమాచార హక్కు దరఖాస్తు వెయ్యండి. వర్సిటీ పౌర సమాచార అధికారి పేరిట, రుసుము 10 రూపాయలు, పోస్టల్ ఆర్డరు చాలు. గడువు 30 రోజులు. జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా 30 రోజుల్లో మొదటి అప్పీలు. "వీసీ పనితీరు వివరాలు ఇవ్వండి" అని రాస్తే ఒక్క లైనులో తిప్పి పంపుతారు. ఉన్న కాగితాన్నే పేరుపెట్టి అడగాలి, ఎందుకు ఏమిటి అని ప్రశ్నలు వెయ్యకూడదు.

ఇలా రాయండి: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా జరిగిన పాలక మండలి సమావేశాల ఎజెండా, టేబుల్ ఐటమ్స్, మినిట్స్ ప్రతులు. అదే కాలంలో ప్రతి మార్చి 31 నాటికి ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ల జాబితా, గడువుకు ముందే రద్దు చేసినవాటి జాబితా. ప్రతి సెమిస్టరుకు చివరి పరీక్ష తేదీ, ఫలితం ప్రకటించిన తేదీ. సీఏఎస్ దరఖాస్తుల సంఖ్య, ముగిసినవాటి సంఖ్య. పెండింగ్ ఆడిట్ అభ్యంతరాల జాబితా. నాలుగు దరఖాస్తులుగా విడగొట్టండి. అన్నీ ఒకదాంట్లోనే అడిగితే విభాగాల మధ్య ఫైలు తిరిగి తిరిగి గడువు దాటుతుంది.

కొండారెడ్డి_బురుజు
ప్రతులకు పేజీకి 2 రూపాయలు అడుగుతారు. మినిట్స్ మూడేళ్లవి వందల పేజీలుంటాయి, కాబట్టి సాఫ్ట్ కాపీ ఇవ్వమని దరఖాస్తులోనే రాయండి. ఎజెండా నోట్లకు అనుబంధాలు కూడా కావాలని స్పష్టంగా రాయాలి. అంకెలన్నీ అనుబంధాల్లోనే ఉంటాయి, అడగకపోతే తీసేసి పంపుతారు.

హంద్రీ_వాగు
రాసుకున్నా. సోమవారం నాలుగూ పంపుతా. జవాబులొచ్చాక పేర్లు తీసేసి పట్టిక ఇక్కడే పెడతా.